ఖాళీ కుర్సీ పక్కన నిలబడ్డ మనిషి

పోయిన నెల నా మనుమరాలు మౌనిక జగిత్యాలలో ఒక తొట్లె ఫంక్షన్‌కు ఫోటోలు తీసి వచ్చింది. అన్నం తింటూ కంప్యూటర్‌లో చూపించింది. చూస్తుంటే అయిపోవే. తొట్లెకు కట్టిన పూలు, కేకు, గోడకు అంటించిన గాలి బుగ్గలు, మళ్లీ కేకు. "ఇందుల బాలింత నవ్విన ఫోటో ఏది?" అని అడిగాను. వెతికింది. దొరకలేదు. "ఎడిట్ల చేస్త బాపమ్మా" అంది. నవ్వు కూడా ఎడిట్‌లో వస్తుందట.

ఇది రాయడానికి ఆ మాటే కారణం. నేను చదివింది మూడో తరగతి. ఆ తర్వాత అక్షరాలు నాకు బడి నేర్పలేదు, ఫోటో కవర్ల మీద పేర్లు రాసీ రాసీ చేతికి వచ్చాయి. ఒత్తులు మౌనిక దిద్దింది. మాట మాత్రం మార్చొద్దని గట్టిగా చెప్పాను.

కోరుట్లలో మా స్టూడియో ఉన్న జాగాలో ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. అద్దాల బీరువాలో ఫోన్లు వరుసగా పెట్టారు. ఒక్కోదానికి మూడేసి కెమెరాలు. మేము ముప్పై ఏండ్లు మూడు కెమెరాలతోనే బతికాము. ఇందులో ఏ బటన్ ఒత్తాలో రాయను. అది ఫోన్‌లోనే రాసి ఉంటుంది. ఈ పని అంటే ఏమిటో నాకు తెలిసినంత రాస్తాను.

నల్లగుడ్డ నుంచి ఫోను దాకా

నేను కాపురానికి వచ్చినప్పుడు మా ఆయన దగ్గర ఉన్నది మూడు కాళ్ల కెమెరా. వెనక నల్లగుడ్డ కప్పుకొని చూస్తే మసక అద్దం మీద మనిషి తలకిందులుగా కనిపించేవాడు. మొదటిసారి గుడ్డలో తలపెట్టి చూసినప్పుడు మా అత్త గబ్బిలం లెక్క వేలాడుతూ కనిపించింది. లోపల నేను నవ్విన నవ్వు బయటికి వినబడింది. ఆ తర్వాత వారం రోజులు ఆమె నాతో మాట్లాడలేదు.

తర్వాత రెండు కళ్ల కెమెరా వచ్చింది. అది మెడకు వేసుకొని, పొట్ట దగ్గర పట్టుకొని, పైనుంచి లోపలికి తొంగి చూడాలి. ఆడవాళ్లకు ఆ కెమెరా మీద మంచి గురి ఉండేది. ఎందుకంటే తీసేవాడు వాళ్లను చూడడు, తల వంచుకొని ఉంటాడు. గుళ్లో దండం పెట్టినట్టే ఉంటుంది. కోరుట్లలో బీడీలు చేసే ఆడవాళ్లు కార్డు ఫోటోల కోసం వచ్చినప్పుడు, పొగాకు అంటిన వేళ్లు కొంగులో దాచుకొని, ముఖం మాత్రం నిబ్బరంగా పెట్టేవారు.

ఆ తర్వాత కంటికి ఆనించి చూసే చిన్న కెమెరా వచ్చింది. అది మంచి కెమెరానే. రీలు పొడుగు, బరువు తక్కువ. కానీ దాంట్లో చూడాలంటే ఒక కన్ను మూయాలి. మా ఆయన కన్ను మూసిన మొదటి రోజే ఒక ముసలావిడ కుర్చీ మీది నుంచి లేచి నిలబడి, "నీకు అక్కచెల్లెండ్లు లేరా, నాకు కన్ను గొడ్తున్నవు?" అంది. ఇంకొకరి మొగుడు తలుపు దగ్గరి నుంచి లోపలికి వచ్చాడు. మా ఆయన కెమెరా తీసి నా చేతిలో పెట్టి, "ఆడోళ్లను నువ్వే తియ్యి" అన్నాడు. నేను ఫోటోగ్రాఫర్‌ను అయింది అట్లా. ఎవరూ నాకు ధైర్యం చెప్పలేదు, ఎవరూ నన్ను ముందుకు తొయ్యలేదు. ఆయనకు తన్నులు తప్పాలి, అంతే. ఆ తర్వాత పరదా ఉన్న ఇళ్ల ఆడవాళ్లు కూడా పాస్‌పోర్టు ఫోటోలకు నా దగ్గరికే వచ్చారు.

రంగుల రీలు వచ్చాక చీకటి గది మూతపడింది. తీసిన రీలు బస్సులో కరీంనగర్ ల్యాబ్‌కు పోవాలి, ఫోటోలు మళ్లీ బస్సులో రావాలి. డిజిటల్ వచ్చాక ఆ ఎదురుచూపూ పోయింది. తీయగానే "సూపియ్యి" అని మీదికి వస్తారు. చూసుకున్న మనిషి మళ్లీ మామూలుగా కూర్చోడు. తన ముఖంలో ఏదో నచ్చక దాన్ని సరి చేసుకుంటూ కూర్చుంటాడు. డిజిటల్‌లో నాకు నచ్చనిది ఇదొక్కటే. మిగతాదంతా మంచిదే అంటాను. ఫోటోలు కడిగే మందు నీళ్లలో నాని నాని నా వేళ్లు పగిలినట్టు మీకెవరికీ పగలవద్దు.

ఖాదర్ ఉస్తాద్

మా ఆయనకు పని నేర్పింది జగిత్యాలలో ఖాదర్ ఉస్తాద్. మేము కొత్తగా పెండ్లయి ఆయన స్టూడియో వెనక గదిలోనే ఉన్నాము. మంచి పనివాడు, చెడ్డ నోరు. కోపం వస్తే మందు నీళ్ల ట్రే ఎత్తి పారబోసేవాడు. ఆడది చీకటి గదిలోకి వస్తే పేపర్ పాడవుతుందని ఎక్కడో విని, మొదట్లో నన్ను గడప దాటనిచ్చేవాడు కాదు. నేను బయట కూర్చొని తడి ఫోటోలు గుడ్డ మీద పరిచి ఆరబెట్టేదాన్ని. అంచులు కత్తిరించగా మిగిలిన పేపర్ ముక్కలు ఆయన పారేస్తుంటే ఏరి పెట్టుకున్నాను. వెలుగు చాలిందా లేదా చూడటానికి ఆ ముక్కల మీద ముందు ఒకసారి వేస్తే నిండు పేపర్ దండుగ కాదని చెప్పాను. నాలుగో రోజు తలుపు తెరిచి, "రా బేటీ, నీ పిసినారితనం లోపల పనికొస్తది" అన్నాడు.

టచింగ్ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. పెన్సిల్ మొన గరుకు కాగితం మీద సూదిలాగ చేసి, నెగటివ్ మీద మచ్చలు కప్పడం. అందరూ తెల్లగా చేయమంటారు. ఆయన ఒప్పుకునేవాడు కాదు. "మచ్చ తియ్యి, మనిషిని తియ్యకు" అని కసిరేవాడు.

ఆయన దగ్గర ఇంకో నియమం ఉండేది. వేరే పనివాడు ఒకడు, ఎవరో తెచ్చిన ముసలాయన ఫోటోను పెద్దది చేసే ముందు, పక్కనున్న మనుషులు అడ్డమని బ్లేడుతో కోసి పారేశాడు. ఆ పక్కనున్నది ఆ ముసలాయన చనిపోయిన తమ్ముడు. ఆ తమ్ముడికి వేరే ఫోటో లేదు. ఫోటో తెచ్చిన అమ్మాయి అరుగు మీద కూర్చొని కోసిన ముక్కల కోసం చెత్తబుట్ట వెతుకుతుంటే, ఉస్తాద్ కూడా ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చొని వెతికాడు. దొరకలేదు. ఆ రోజు ట్రేలు పారబోయలేదు, అరవలేదు. "అసలుకు బ్లేడు పెట్టద్దు. కాపీ తీసుకో, కాపీని ఏమన్నా చేసుకో" అని అందరికీ వినబడేటట్టు చెప్పాడు. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. ముందుముందు దీనితో పని ఉంది.

సిరిసిల్లలో మసక

మా సొంత స్టూడియో మొదట సిరిసిల్లలో పెట్టాము. మా పుట్టింటి ఊరు. మా అన్న తెలిసినవాళ్ల సాంచల కార్ఖానా పైన గది చూపించాడు. కింద మరమగ్గాలు, పైన మేము. కిరాయి తక్కువ అని నేనే సంబరపడ్డాను.

పాస్‌పోర్టు ఫోటోలు బాగానే వచ్చేవి. పెద్దవి చేస్తే మాత్రం మసక. పెండ్లికొడుకు మీసం రెండు వరుసలుగా వచ్చేది. మా ఆయన ఎన్లార్జర్ అద్దం తుడిచాడు, మార్చాడు, పేపర్ మార్చాడు, మందు మార్చాడు. చివరికి కండ్ల డాక్టర్ దగ్గరికి పోయి తన అద్దాలు కూడా మార్చుకున్నాడు. మా వదిన అయితే ఎవరో దిష్టి పెట్టారని గుమ్మానికి గుమ్మడికాయ కట్టింది.

ఖాదర్ ఉస్తాద్ ఒకసారి మమ్మల్ని చూడటానికి వచ్చాడు. గోడు విన్నాడు. తాగడానికి నీళ్లు అడిగాడు. సగం తాగి గ్లాసు ఎన్లార్జర్ బల్ల మీద పెట్టి, మా ఇద్దరినీ దగ్గరికి పిలిచి, "నీళ్లు సూడుండ్రి" అన్నాడు. నీళ్లు వణుకుతున్నాయి. కింద సాంచలు ఆడినంతసేపు బల్ల ఆడుతోంది, బల్లతో పాటు పెండ్లికొడుకు మీసం ఆడుతోంది. నాకు ఆ చప్పుడు పుట్టినప్పటి నుంచి అలవాటు, మా ఆయనకు వచ్చిన నెలకే అలవాటైంది. చెవికి ఆనదు, కాలికి ఆనదు. ఊళ్లో ఉండని మనిషి వచ్చి చెబితే గానీ తెలియలేదు. గుమ్మడికాయ దింపి కూర వండుకున్నాము. ఆ సంవత్సరమే కోరుట్లకు మారాము.

జోడు ఫోటోలు

కోరుట్ల, జగిత్యాల చుట్టుపక్కల పల్లెల నుంచి మగవాళ్లు గల్ఫ్‌కు పోవడం మొదలయ్యాక మాకు ఒక కొత్త పని వచ్చింది. మొగుడు అక్కడ, పెండ్లాం ఇక్కడ. ఇక్కడ బిడ్డ పుడుతుంది. ముగ్గురూ కలిసి ఉన్న ఫోటో కావాలి. మొగుడు అక్కడ ఫోటో దిగి పంపుతాడు, పెండ్లాం బిడ్డతో మా దగ్గర దిగుతుంది, మేము రెండూ కలిపి ఒకటి చేస్తాము. మొగుడి ఫోటో కోసి, అంచును వెనక నుంచి గరుకు కాగితంతో పలచగా అరగదీసి, పెండ్లాం ఫోటో మీద అతికించి, అతుకు కనబడకుండా కుంచెతో దిద్ది, దాన్ని మళ్లీ ఫోటో తీసేదాన్ని. ఇప్పుడు మౌనిక ఇది చాయ్ చల్లారకముందే చేస్తుంది. నాకు రెండు రోజులు పట్టేది.

అట్లా వచ్చింది పద్మ. మా సిరిసిల్ల పక్కనే తంగళ్ళపల్లి పిల్ల, సాంచల పని చేసే ఇల్లు. మొగుడు మల్లేశం కొడిమ్యాల దగ్గరి పల్లెవాడు, తాళ్లెక్కి కల్లు గీసే ఇంటివాడు. ఇద్దరూ ఇష్టపడి కొండగట్టులో అంజన్న దేవుని ముందు పెండ్లి చేసుకున్నారు. పక్కన ఇద్దరు దోస్తులు తప్ప ఎవరూ లేరు. ఫోటో లేదు. అతను రెండు నెలలు ఆమె పుట్టింట్లోనే ఉండి, మస్కట్ పోయాడు. పోయాక శ్రావ్య పుట్టింది. అతని తల్లి గంగవ్వ మాత్రం ఈ పెండ్లిని ఒప్పుకోలేదు. కొడుకు ఫోన్‌లో పద్మ పేరు ఎత్తితే ఫోన్ పెట్టేసేదట. వచ్చి అంతా సర్దుతానని అతను పద్మకు చెబుతూ వచ్చాడు.

శ్రావ్యకు రెండేండ్లప్పుడు పద్మ జోడు ఫోటో కావాలని వచ్చింది. నేను ఎప్పటిలాగే చెప్పాను. తెల్లగోడ ముందు, ఒక అంచుకు నిలబడాలి, వెలుగు ఎడమ నుంచి రావాలి, కెమెరా వైపు చూడాలి. పద్మ అది నోటికి పట్టుకొని పోయి ఫోన్‌లో అతనికి ఒప్పజెప్పింది.

నెల తర్వాత ఊరికి వస్తున్న ఎవరితోనో అతని ఫోటో వచ్చింది. చూసి నాకు ఒళ్లు మండింది. తెల్లగోడ ఉంది, అంచుకు నిలబడ్డాడు, అంతవరకు బాగుంది. కానీ పక్కన ఒక కుర్చీ వేసుకున్నాడు. లావు అంచు ఉన్న చెక్క కుర్చీ. దాని వీపు మీద చెయ్యి పెట్టాడు. చూపు కెమెరా వైపు లేదు, తల కొంచెం వంచి ఆ ఖాళీ కుర్చీలోకి చూస్తున్నాడు. "చెప్పింది ఒకటి, చేసింది ఒకటి. గీయనెవరే, ముంగట సూడుమంటే కుర్సీని సూస్తుండు" అని పద్మను కసిరాను. ఆమె తల వంచుకొని నవ్వింది.

ఇక నాకు పని పెరిగింది. మా కుర్చీ సన్నది. పద్మను శ్రావ్యతో దాంట్లో కూర్చోబెట్టి, వెనక అతన్ని అతికిస్తే చూపు బాగానే కుదిరింది, బిడ్డను చూస్తున్నట్టే ఉంది. వేళ్లు మాత్రం కుదరలేదు. లావు చెక్క మీద వంచిన వేళ్లు సన్న కుర్చీ మీద ఆనవు. నీడ వేసి కొంత కప్పాను. తెలిసినవాడు చూస్తే తప్ప తెలియదు.

ఉస్తాద్ మాట ప్రకారం కాపీ తీసి కాపీనే కోశాను. అసలు ఫోటో తిరిగి ఇవ్వబోతే పద్మ తీసుకోలేదు. "ఆయన ఒక్కడే ఉన్నది నాకద్దు పెద్దమ్మా" అంది. నేను దేన్నీ పారేసే మనిషిని కాదు. కవర్‌లో వేసి పెట్టాను.

కొడిమ్యాల పోయిన రోజు

ఇంకా రెండేండ్లు గడిచాయి. అప్పటికి మా ఊళ్లకు కంప్యూటర్లు వచ్చాయి. ఒకరి తల ఇంకొకరికి పెట్టడం, తాజ్‌మహల్ ముందు నిలబెట్టడం అంతా చూసి, జనం ఏ ఫోటోనూ నమ్మడం మానేశారు.

ఒక రోజు పద్మ స్టూడియోకు వచ్చి అరుగు మీద కూలబడింది. మల్లేశం పనిచేసే దగ్గర గుండె ఆగి పోయాడు. శవం పెట్టె మరునాడు ఇంటికి వస్తుంది. పద్మ బిడ్డను ఎత్తుకొని అత్తగారి ఊరికి పోయింది. వాకిట్లోకి రానివ్వలేదు. నా కొడుకుకు పెండ్లే కాలేదని గంగవ్వ అందట. దోస్తులను అడగమంటే వాళ్లు మస్కట్‌లో ఉన్నారు, దోస్తులు దోస్తు మాటే చెబుతారన్నారు. తంగళ్ళపల్లి వాళ్లను అడగమంటే వాళ్లు నీవాళ్లే కదా అన్నారు. పద్మ జోడు ఫోటో చూపించింది. మల్లేశం అన్న అంజయ్య దాన్ని లైటు కింద పట్టి చూసి వేళ్లు గాలిలో ఉన్నాయని కనిపెట్టాడు. అబద్ధపు ఫోటో తెచ్చిందని అందరికీ చెప్పాడు. ఉన్న ఒక్క ఆధారం ఆమెకే ఎదురు తిరిగింది.

అంతకన్నా పెద్ద మాట తర్వాత చెప్పింది. పెండ్లి కాకుండా పోయినవాళ్లను ఊరికే సాగనంపడం ఆ ఇంట్లో లేదు. జిల్లేడు కొమ్మకు పసుపు రాసి, పక్కన పెట్టి, పెండ్లి చేసి అప్పుడు పాడె ఎత్తుతారు. మల్లేశానికి కూడా అదే చేయబోతున్నారు.

"నేను బతికుండంగ ఆయనకు సెట్టుతోని పెండ్లి జేస్తరట పెద్దమ్మా. ఆస్తి నాకద్దు, ఏమద్దు. మొకం సూడనిస్తే సాలు. పొల్లకు ఒక్కసారి సూపియ్యాలె."

ఊరి పెద్ద పటేల్ మాత్రం, ఫోటో తీసినవాళ్లను పిలుచుకొని రా, అడుగుదాం అన్నాడట. అందుకే వచ్చింది.

మా ఆయన మెత్తని మనిషి. నన్ను లోపలికి పిలిచి, "ఇద్దరు నా ముంగటనే నిలబడ్డరు అని ఒక్క మాట చెప్పి రా. పుణ్యమస్తది" అన్నాడు. నాకూ అనాలనే ఉంది. కానీ అతను మస్కట్ పోయాక ఊరికి రాలేదని అందరికీ తెలుసు, ఫోటోలో పద్మ ఒడిలో రెండేండ్ల బిడ్డ ఉంది. ఒక్క ప్రశ్న అడిగితే నా మాట కూలుతుంది, దాని కింద పద్మ కూడా పడుతుంది. అదొక్కటే కాదు. ఇంతకాలం ఈ పని చేసి, ఫోటో గురించి నన్ను మొదటిసారి సాక్ష్యం అడుగుతున్నారు. ఆ ఒక్కసారీ అబద్ధమే చెబితే, ఇక నేను చేసిన పని ఏ పని?

మరునాడు పొద్దున బస్సు ఎక్కాము. కవర్ సంచిలో పెట్టుకున్నాను. దానితో పని అవుతుందని నాకేమీ నమ్మకం లేదు, ఊరికే పోలేక పెట్టుకున్నాను. దారిలో పద్మకు ముందే చెప్పాను.

"అడిగితే నిజమే చెప్త బిడ్డా."

"నిజం జెప్తే నన్ను గడప తొక్కనియ్యరు."

"అబద్ధం జెప్తే గడప తొక్కినంక మెడ పట్టి నూకుతరు."

ఆమె కిటికీ వైపు తిరిగింది. శ్రావ్య నా సంచి పట్టీ పట్టుకొని నిద్రపోయింది.

వాకిలి నిండా జనం. గోడ పక్కన ఇత్తడి చెంబులో జిల్లేడు కొమ్మ నీళ్లలో పెట్టి ఉంది, దాని మీద తడి గుడ్డ కప్పారు. గంగవ్వ గోడకు ఆనుకొని కూర్చుంది. ఏడవడం లేదు. ఆమెను దూరం నుంచి తిట్టుకుంటూ వచ్చాను గానీ చూశాక తిట్టలేకపోయాను. తన అన్న బిడ్డను కొడుక్కు అనుకున్నది, కొడుకు చెప్పకుండా కొండగట్టు పోయాడు. ఆ పెండ్లి ఒప్పుకుంటే కొడుకు తనకు చెప్పలేదని కూడా ఒప్పుకోవాలి. ఇప్పుడు వాడే లేకుండా పోయాక ఆ మాట ఎట్లా మింగుతుంది?

పటేల్ నన్ను కూర్చోమన్నాడు. జోడు ఫోటో నా చేతికి ఇచ్చి అడిగాడు.

"గీ ఇద్దరు నీ ముంగట నిలబడ్డరా తల్లీ?"

"లేదు పటేలా. గిది నేను జోడు జేసింది. ఆయన ఆడ దిగిండు, గీమె ఈడ దిగింది."

అంజయ్య చుట్టూ ఉన్నవాళ్లను చూసి, "ఇన్నరు గదా" అన్నాడు. అతన్ని కూడా నేను తప్పు పట్టను. వేళ్లు గాలిలో ఉన్నది నిజం. పటేల్ నిట్టూర్చి, మరి ఇంకేముందమ్మా అన్నట్టు చేతులు తిప్పాడు. నా వెనక పద్మ చేతి గాజులు చప్పుడయ్యాయి, కూర్చున్నదో పడ్డదో నేను తిరిగి చూడలేదు.

కవర్ తీశాను. పటేల్‌కు ఇవ్వలేదు, అంజయ్యకు ఇవ్వలేదు. పోయి గంగవ్వ ముందు కూర్చున్నాను.

"అక్కా, నీ కొడుకు పంపిన ఫోటో. బ్లేడు వడనిది."

కొడుకు మస్కట్ పోయాక ఆమె అతని కొత్త ఫోటో చూడనే లేదని తర్వాత తెలిసింది. రెండు చేతులతో అందుకుంది. మొదట ముఖమే చూసింది. "సన్నగయిండు" అంది. బొటనవేలు అతని చొక్కా మీది నుంచి మెల్లగా పక్కకు జరిగింది. చెయ్యి దాకా వచ్చింది, కుర్చీ వీపు దాకా వచ్చింది. అక్కడ వేళ్లు గాలిలో లేవు. గట్టిగా ఆనే ఉన్నాయి.

"గీ కుర్సీల ఎవలు కూసున్నరు?"

"ఎవలు లేరక్కా."

"మరి ఎవలను సూస్తుండు?"

అంజయ్య, ఫోటో తీసేటోళ్లు గట్ల నిలబడుమని చెప్తరమ్మా అన్నాడు. అప్పుడు నేను నోరు విప్పక తప్పలేదు.

"నేను చెప్పింది గోడకు నిలబడుమని, ముంగట సూడుమని. కుర్సీ ఏసుకొమ్మని నేను చెప్పలే. కోపానికి కూడ అచ్చిన. నా మాట ఇనలే."

"ఇనడు" అంది గంగవ్వ. "వాడు ఎవల మాట ఇన్నడు?"

ఆమె ముఖంలో ఒక్క క్షణం మెరిసింది ఏమిటో నేను చెప్పలేను. దాదాపు నవ్వే. కొడుకు మొండితనం కొడుకుదే అని తల్లికి తెలుసు. ఆ కుర్చీ వేసుకున్నది తన కొడుకే, ఎవరూ చెప్పి వేయించింది కాదు. ఆమె ఫోటో ఒడిలో పెట్టుకొని, పద్మ వైపు కాదు, శ్రావ్య వైపు చూసింది. బిడ్డ నిద్ర లేచి, తల కొంచెం పక్కకు వంచి జిల్లేడు చెంబును చూస్తోంది. ఆ వంపు ఫోటోలో ఉన్నదే.

"అంజిగా, గా జిల్లేడు తీస్కపోయి అవుతల పడెయ్యి."

అంజయ్య చెంబు ఎత్తుకొని దొడ్డి వైపు పోయాడు. గంగవ్వ గోడ పట్టుకొని లేచింది. పద్మను దగ్గరికి తీసుకోలేదు, ఏడవలేదు. గడప దగ్గర నిలబడి, అలవాటైన కోడలిని అడిగినట్టు అడిగింది.

"పొల్లకు అన్నం పెట్టినవా? లోపటికి తీస్కరా."

పొద్దు గూకే ముందు పెట్టె వచ్చింది. తెరిచాక మొదట పద్మనే పిలిచారు. శ్రావ్యను గంగవ్వ ఎత్తుకొని చూపించింది. నేను కెమెరా తీసుకుపోలేదు. ఉన్నా తీసేదాన్ని కాదు.

గోడకు పెట్టిన ఫోటో

పదకొండో రోజుకు ముందు అంజయ్య కోరుట్ల వచ్చాడు. తమ్ముడి ఫోటో పెద్దది చేసి ఫ్రేము కట్టాలి, దండ వేయాలి. నా ముందు కూర్చోవడానికి కొంచెం మొహమాటపడ్డాడు. చాయ్ తెప్పించాను. ఆ అసలు ఫోటోనే తెచ్చాడు, పని అయ్యాక మళ్లీ తేవాలని తల్లి షరతు పెట్టిందట.

నేను ఎప్పటిలాగే ఎంతవరకు కావాలని అడిగాను. ముఖం వరకు తీసుకుంటే పేపర్ కలిసి వస్తుంది, మనిషి పెద్దగా కనిపిస్తాడు అని చెప్పాను. అందరికీ అట్లనే చేస్తాము, దండ పడేది ముఖానికే కదా.

"అద్దట. కుర్సీతోని పాటు కావాల్నట అమ్మకు. మొత్తం" అన్నాడు.

మొత్తమే పెద్దది చేయించాను. సగానికి పైగా తెల్లగోడ, ఒక ఖాళీ కుర్చీ, అంచుకు మనిషి. చూసినవాళ్లకు ఫోటోగ్రాఫర్‌కు పని రాదనిపిస్తుంది. అంచు ముక్కలు ఏరుకొని బతికిన నేను అంత ఖాళీ మీద అంత పేపర్ పెట్టింది ఆ ఒక్కసారే.

మొన్న మౌనిక ఇది దిద్దుతూ, ఆ ఫోటో ఇప్పటికీ ఉందా అని అడిగింది. ఉంది. శ్రావ్య పెండ్లికి పిలిస్తే పోయినప్పుడు చూశాను. గంగవ్వ ఇప్పుడు లేదు. పద్మ ఆ ఇంట్లోనే ఉంది. దండ ఫోటో మీది నుంచి జారి కుర్చీ మీద పడి ఉంటే, పద్మ స్టూలు ఎక్కి దాన్ని సరి చేసింది. కుర్చీ కనబడేటట్టు పక్కకు జరిపింది.